వరదకు విడిచిన చోటు

పదవీ విరమణానంతరము ఒక బడిలో సర్వరు నమర్చు పని నెత్తికెత్తుకొంటిని. సీ డ్రైవునకు 32 జీబీ విడిచితిని. విండోస్ సర్వరు 2016కు అది కనీస పరిమాణము. కనీసమునే సమృద్ధియని భ్రమించితిని. అప్‌డేట్లు, పేజింగ్ ఫైలు, లాగులు పేరుకొని డ్రైవు నిండినది. అందులోనే దాచుచున్న పిల్లల వ్రాతలలో ఒక బాలిక వ్యాసము సేవ్ కాక పోయినది. "మళ్ల రాస్త సార్" అన్నది. ఆ మాట నన్నింకను బాధించుచున్నది.

హిమాయత్ సాగరమను జలాశయమున్నది. 1908 నాటి మూసీ వరద పిదప, విశ్వేశ్వరయ్యగారి సూచన ననుసరించి కట్టి 1927లో పూర్తిచేసిరి. త్రాగునీటితో పాటు రాబోవు వరదకును అందు చోటు తలచిరి. కట్టపై నిలిచినప్పుడు నా తప్పు బోధపడినది.

ఇప్పుడు సీకి 100 జీబీ. పిల్లల వ్రాతలు డీలో. మిత్రులారా, మీరెంత ఖాళీ విడుచుచున్నారు?