ఎవరింటి పిల్లవమ్మా?

పోయేటప్పుడు వెంట ఏమీ కట్టుకుపోమని తెలుగునాట పెద్దలంటారు. చైనాలో ఒకప్పుడు ఈ మాట చెల్లేది కాదు. వంటమనుషులు, వాద్యగాళ్లు, గుర్రాలు, ఒంటెలు, ధాన్యపు గాదెలు, ఆఖరికి పందులదొడ్డి కూడా... పోయినవారితోపాటు అన్నీ సమాధిలోకి వెళ్లేవి. కాకపోతే అన్నీ మట్టివే.

అలా వెళ్లినవాళ్లలో ఒకామె ఇప్పుడు హాంకాంగ్‌లో, హాలీవుడ్ రోడ్డు మీద ఓ పురాతన వస్తువుల దుకాణంలో అద్దం వెనక నిలబడి ఉంది. ఎత్తు మూరెడు లోపే. బూరెల్లాంటి బుగ్గలు, ఓ పక్కకు ఒరిగిన కొప్పు, కాళ్లదాకా జారిన అంగీ. చేతులు రెండూ ఆ అంగీలోనే దాచుకుంది. చెక్కిళ్ల మీద పూసిన ఎరుపు చాలావరకు రాలిపోయి మరకలా మిగిలింది. పక్కన చిన్న అట్టముక్క: తాంగ్ రాజవంశం, 8వ శతాబ్దం. ధర మాత్రం రాయలేదు. అడిగే ధైర్యం ఉన్నవాళ్లకే చెబుతారు.

అంత బొద్దుగా ఉందేమిటంటే, అప్పటి అందం అదే. అంతకు నూరేళ్ల ముందటి బొమ్మలు తీగల్లా సన్నగా ఉండేవి. చక్రవర్తి మనసు దోచిన యాంగ్ గ్వీఫే బొద్దుగా ఉండేదనీ, ఆమెను చూసే అందరూ మారారనీ అమ్మేవాళ్లు ఊరిస్తూ చెబుతారు. నిజానికి ఆమె అంతఃపురంలో అడుగుపెట్టకముందే ఈ బూరెబుగ్గలు మొదలయ్యాయి. వెనక ఓ కథ ఉంటే సరుకు తొందరగా పోతుంది, అంతే!

ఈ బొమ్మల్ని బతికున్నవాళ్లు చూడ్డానికి చేయలేదు. వీటికి వేల ఏళ్లకు ముందు షాంగ్ రాజులు పోతే వాళ్ల వెంట మనుషుల్నే చంపి పూడ్చేవారు. అన్‌యాంగ్ దగ్గర తవ్వకాల్లో ఆ ఎముకలు గుట్టలుగా బయటపడ్డాయి. రానురాను ఆ చోటులోకి కర్రబొమ్మలు, మట్టిబొమ్మలు వచ్చాయి. ఆ లెక్కన ఈ బూరెబుగ్గల పిల్ల ఎవరో ఒక ఆడకూతురికి బదులు చీకట్లోకి వెళ్లిందన్నమాట. తాంగ్ కాలానికి ఇదో పెద్ద తతంగమైంది. ఏ హోదా అధికారి సమాధిలో ఎన్ని బొమ్మలుండాలో సర్కారే నిర్ణయించింది. పైమెట్టు వాళ్లకు 90, కిందిమెట్టు వాళ్లకు 40. ఉన్నవాళ్లు ఆ లెక్కను ఎంతమాత్రం పట్టించుకున్నారనేది వేరే సంగతి.

సమాధి మూసేశాక ఆ బొమ్మలతో ఎవరికీ పనిలేదు. దొంగలకూ లేదు! యోంగ్‌తాయ్ రాకుమారి సమాధే ఇందుకు సాక్ష్యం. పదిహేడేళ్లయినా నిండీ నిండకముందే, 701లో చనిపోయిందా పిల్ల. సొంత నానమ్మ వూ సామ్రాజ్ఞే చంపించిందని చరిత్రకారులు రాశారు. తండ్రి మళ్లీ సింహాసనం ఎక్కాక, 706లో ఆమెను రాజమర్యాదలతో తిరిగి సమాధి చేయించాడు. 1960లలో పురావస్తు శాఖవారు తవ్వేసరికి దొంగల కన్నం కనిపించింది. దాని దగ్గరే ఓ అస్థిపంజరం... లోపలికి దిగిన దొంగను తోటి దొంగలే చంపేసి ఉంటారంటారు. పోయినవి పోగా, మట్టిబొమ్మలు ఎనిమిది వందలకు పైగా అలాగే ఉన్నాయి. పక్కనే రాకుమారి వివరాలు చెక్కిన రాయి. ఆ బొమ్మలు ఎవరివో ఇవాళ ఎవరైనా చెప్పగలరు.

వాటికి గిరాకీ రైలుతో వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో కైఫెంగ్ నుంచి లోయాంగ్‌కు పట్టాలు వేస్తుంటే, లోయాంగ్ ఉత్తరాన మాంగ్ కొండల్లో సమాధులు తెగిపడ్డాయి. తేనెరంగు, ఆకుపచ్చ, మీగడ రంగు పూతల గుర్రాలు, ఒంటెలు బయటికొచ్చాయి. స్థానికులకు అవి అరిష్టం. శవం పక్కన పెట్టిన సామాను ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు? విదేశీయులకు ఆ పట్టింపు లేదు. బీజింగ్ దుకాణాల దాకా వెళ్లాయి, అక్కణ్ణుంచి ఓడలెక్కాయి. 1989 డిసెంబరులో లండన్ సదబీస్ వేలంలో అలాంటి గుర్రం ఒకటి 37.4 లక్షల పౌండ్లు పలికింది. అమ్మింది ఎవరనుకుంటున్నారు? బ్రిటిష్ రైల్వే ఉద్యోగుల పింఛను నిధి! ఓ రైలు తవ్వి తీసిన సరుకు మరో రైలువాళ్ల పింఛనుకు పెట్టుబడి అయింది.

అంత డబ్బున్న చోట నకిలీ ఉండకుండా ఎలా ఉంటుంది? అందుకే కొనేవాళ్లు ప్రయోగశాల కాగితం అడుగుతారు. బొమ్మ అడుగున సన్నటి రంధ్రం చేసి కాస్త పొడి తీసి వేడిచేస్తారు. మట్టిలోని స్ఫటికాలు కాల్చిన నాటి నుంచి దాచుకున్న శక్తిని సన్నటి వెలుగుగా వదులుతాయి. ఆ వెలుగును కొలిచి వయసు చెబుతారు. దీనికీ విరుగుడు కనిపెట్టారు మహానుభావులు. పాత అడుగుభాగానికి కొత్త తల అతికిస్తే, రంధ్రం చేసిన చోట మట్టి నిజమే చెబుతుంది మరి!

దుకాణంలోని పిల్లకు ఆ కాగితం ఉంది. వయసు సరిపోయింది. కొనదలచుకున్నవాడు తృప్తిగా తలాడించి, ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతాడు. ‘ఐరోపాలో ఒకరి దగ్గర ఉండేది’ అని జవాబు. ఎవరు, ఎప్పుడు కొన్నారు? నవ్వు. ఈ నవ్వు ఊరికే రాదు. భూమిలో దొరికిన పురావస్తువులన్నీ ప్రభుత్వానివేనని చైనా 1982 చట్టం చెబుతుంది. తాంగ్ కాలం వరకు ఉన్న వస్తువుల దిగుమతి మీద అమెరికా కూడా 2009లో ఆంక్షలు పెట్టింది. ఎప్పుడో బయటికి వచ్చిందన్న కాగితం ఉంటే సరే. లేకపోతే అది నిరుడు ఏ రాత్రి పూట ఏ పొలంలో గునపం దిగితే బయటపడిందో!

గునపం దిగిన సమాధిలో ఆమె ఒక్కతే ఉండదు. తోటి వాద్యగత్తెలు, సాయీసు, గుర్రం, పేరు చెక్కిన రాయి... పగిలినవి పారేస్తారు, అమ్ముడుపోయేవి తలా ఒక దేశానికి పోతాయి. రాయి బరువు, పైగా దాని మీద పేరుంటుంది. అది బయటికొస్తే దొరికిపోతారు.

బేరగాడు ఆమెను జాగ్రత్తగా పక్కకు ఒరిగించి అడుగు చూస్తాడు. పరీక్షకు చేసిన రెండు చిన్న రంధ్రాలు. లోపలి బోలులో, వేలు అందని చోట, పసుప్పచ్చటి మట్టి ఇంకా అంటుకునే ఉంది. ‘శుభ్రం చేయించి ఇస్తాం’ అంటాడు దుకాణదారు.