లిస్టు చూసి ఆగిపోకండి



మా హాస్టల్ నుంచి ఆరుగురం గైడ్‌తో నేపాల్ పోతున్నాం, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా. 5,364 మీటర్లు. సామాన్ల లిస్టు చూడగానే మాలో ఇద్దరు "ఇంట్లో అప్పు చేయించలేం, మేం రాం" అన్నారు. దాంతో అందరం కూర్చుని లిస్టు విడగొట్టాం.

లావు జాకెట్, స్లీపింగ్ బ్యాగు కొనక్కర్లేదు, ఖాట్మండు థమేల్‌లో అద్దెకిస్తారు. కాటన్ బనియన్లు చెమటకు తడిస్తే తొందరగా ఆరవు, చలి పట్టేస్తది, తీసేశాం. ఉన్ని సాక్సులు, టార్చిలైటు పెట్టాం. బూట్లు మాత్రం కొన్నాం, నెల ముందు నుంచే తొడిగి గుట్టలెక్కుతున్నాం. లుక్లా విమానంలో మనిషికి 15 కిలోలే. వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్ లేకుంటే ఒరిజినల్ ఓటరు కార్డు చాలు.

ఇప్పుడు ఆ ఇద్దరూ వస్తున్నారు. 2014లో మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. మనకు కొండలు కొత్త కాదు. అవకాశం వస్తే, ముందు లిస్టు పట్టుకుని సీనియర్లను అడగండి.