బాగున్న కార్బురేటర్లు పీకేసి...

1973 మోడల్ డాట్సన్ 240జెడ్‌ను న్యూజెర్సీలో కొన్నప్పుడు నా లెక్కంతా ఒక చిత్తుకాగితం మీద పట్టింది. కారుకు 16 వేల డాలర్లు, మరమ్మతుకు 12 వేలు, అంతే. రంగు గీకించగానే ఆ కాగితం చెత్తబుట్టలోకి వెళ్లింది. బ్యాటరీ కింద, కాళ్లు పెట్టుకునే చోట రేకంతా తుప్పు. ఈ కార్లకు అది అందరికీ తెలిసిన జబ్బే, నేనే వంగి చూడలేదు. వెల్డింగుకే 9 వేలయ్యాయి.

అక్కడ ఆగినా బాగుండేది. ప్రతి పార్టూ ఆ ఏడాదిదే ఉండాలన్న పంతం పట్టుకుంది.

1972 దాకా ఈ కార్లకు గుండ్రటి టోపీల హిటాచీ కార్బురేటర్లు రెండు వచ్చేవి. 1973లో పొగ నిబంధనల కోసం కంపెనీ వాటి స్థానంలో బల్లపరుపువి పెట్టింది. ఇంజన్ వేడెక్కితే వాటిలో పెట్రోలు ఆవిరై బండి మొరాయిస్తుంది. అందుకే చాలామంది వాటిని విప్పి పారేసి, పాత రకం బిగించుకున్నారు. నా కారుకూ ఎవరో అదే చేశారు. హాయిగా నడుస్తున్న ఆ జతను తీసేసి, వాళ్లు పారేసిన రకాన్నే వెతికి, గొట్టాలతో సహా 1,400 డాలర్లకు కొన్నాను.

"బాగున్నదాన్ని పాడుచేయడానికి ఎదురు డబ్బిచ్చే మనిషిని మిమ్మల్నే చూశా" అంది మా ఆవిడ.

ఖర్చు తడిసి మోపెడై 47 వేలు దాటింది. అందులో 15 వేలు ఇంటి మీద తెచ్చిన అప్పు. ఇంటి బాగుకు వాడలేదు కాబట్టి ఆ వడ్డీకి పన్ను మినహాయింపు లేదు. సొంతానికి వాడుకునే కారు నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్నులో చూపించుకోలేం. లాభమొస్తే మాత్రం పన్ను కట్టాలి. పెట్టుబడి అని నాకు నేను చెప్పుకున్నదాని అసలు రూపం ఇది.

బీమా కోసం విలువ కట్టించాను. వచ్చినాయన కార్బురేటర్ల వైపు చూడనైనా చూడలేదు. బానెట్ ఎత్తి, లోపలి రేకుపట్టీ మీది ఇంజన్ నంబరూ బ్లాకు మీది నంబరూ పోల్చాడు. రెండూ వేరు. ఇంజనే ఎప్పుడో మారింది. 34 వేలన్నాడు. కొనేముందు టార్చిలైటుతో ఐదు నిమిషాలు చూసుకుంటే తేలిపోయే సంగతి.

గుండ్రటివే మళ్లీ బిగించాను, బండి మొరాయించడం మానేసింది. బల్లపరుపు జత డబ్బాలో ఉంది. ఎవరైనా 900 డాలర్లిస్తే ఇచ్చేస్తాను.