చల్లబడిన చెవులు

2023 డిసెంబరు 2, శనివారం సాయంత్రం మా ఆవు వడివు ఈనింది. నాలుగో ఈత. పెయ్యదూడ. మూడు గంటల్లో మాయ కూడా పడిపోయింది. గండం గడిచిందనుకున్నాను.

మా ఇల్లు చెన్నై తిరువొత్తియూరులో రైలు పట్టాలకు పడమటి పక్క. మా మామగారి తండ్రి సూళ్ళూరుపేట నుంచి ఇక్కడికి పనికోసం వచ్చాడట. అప్పటినుంచీ ఇంట్లో ఒక ఆవు ఉంటూనే ఉంది. వడివుడై అమ్మన్ పేరు తలచుకుని దీనికి వడివు అని మా అత్త పేరు పెట్టింది. జెర్సీ క్రాసు. పూటకు ఆరేడు లీటర్లు ఇస్తుంది. పదకొండు ఇళ్ళకు వాడికపాలు పోస్తాను. దాన్ని కొన్న అప్పు ఇంకా తీరలేదు. ఈనడానికి ముందు వారం, కార్తీక పున్నమికి ఆదిపురీశ్వరుడి పుట్ట లింగానికి కవచం తీసే మూడు రోజుల్లో ఒకరోజు గుడికి పోయి, సుఖంగా ఈనాలని మొక్కుకుని వచ్చాను.

ఆదివారం వాన పట్టుకుంది. తుపాను వస్తోందని అందరికీ తెలుసు. పొద్దున పొదుగు పూర్తిగా పిండేశాను. జున్నుపాలు అడిగిన నాలుగిళ్ళకూ ఇచ్చాను. సాయంత్రం వడివు మేత ముట్టలేదు. వెనక కాళ్ళు తడబడుతున్నాయి. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. వానకు అలా ఉందేమో అనుకుని గోనెపట్టా కప్పి పోయి పడుకున్నాను. ఆ రాత్రే పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసి ఉంటే నాలుగు రోజుల బాధ తప్పేది.

సోమవారం తెల్లవారుజామున నాలుగు గంటలకు కొట్టంలోకి పోయి చూస్తే వడివు పడిపోయి ఉంది. మెడ వంకర తిరిగి, తల డొక్కకు ఆనించి పెట్టింది. ముట్టె ఎండిపోయింది. పేడ వెయ్యలేదు. పిలిస్తే కన్ను కదల్లేదు. రాత్రినుంచీ కరెంటు లేదు. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. మా ఆయన కంటెయినర్ యార్డులో ఆదివారం నుంచీ చిక్కుకుపోయి ఉన్నాడు, ఫోను కలవడంలేదు.

నాకు చేతులు వణికాయి. ఏదో ఒకటి చెయ్యాలన్న తొందరలో బెల్లం నీళ్ళు కలిపి వెదురు గొట్టంతో నోట్లో పోశాను. రెండో గొట్టానికి దగ్గింది. ముక్కులోనుంచి నీళ్ళు వచ్చాయి. అత్త నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఇంక పొయ్యొద్దు తల్లీ, మింగడం లేదది" అంది. అప్పటికి ఆపాను.

ఏడు గంటలకు డాక్టరమ్మకు ఫోను కలిసింది. రెండు నిమిషాలు మాట్లాడింది. పక్కకు పూర్తిగా పడుకోనివ్వొద్దు, కడుపు ఉబ్బి చచ్చిపోతుంది, రెండు పక్కలా ఇసక మూటలు పెట్టి రొమ్ము మీద కూర్చోబెట్టండి, నోట్లో ఏమీ పొయ్యొద్దు అని చెప్పింది. గొట్టం సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత లైను తెగిపోయింది.

ఏడునుంచి రెండు గంటల దాకా నేనూ అత్తా దాని తలను మార్చి మార్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. మా అబ్బాయి దూడను ఇంట్లోకి ఎత్తుకుపోయాడు. ఆ ఏడు గంటల్లో నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఆవు గురించి కాదు. ఇది పోతే అప్పు ఎలా తీరుతుందా అని. ఈ మాట మా ఆయనకు కూడా చాలా రోజులు చెప్పలేదు.

రెండు గంటలకు డాక్టరమ్మ వచ్చింది. మావాడు రైలు గేటు దాకా ఎదురుపోయి తీసుకొచ్చాడు. తొడల్లోతు నీళ్ళలో సంచీ నెత్తిన పెట్టుకుని నడిచింది. వడివు ఒంటి వేడి 97 డిగ్రీలు. నూటొకటి పైన ఉండాలి. కాల్షియం సీసాను వేడినీళ్ళలో పెట్టి, 450 మిల్లీలీటర్లు మెడ నరంలోకి ఎక్కించింది. ఇరవై నిమిషాలు పట్టింది. సీసా మావాడు పట్టుకున్నాడు. ఆమె గుండె దగ్గరనుంచి స్టెతస్కోపు తియ్యలేదు. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుందట. ఇంకొంచెం చర్మం కింద వేసింది.

సగం సీసా అయ్యేసరికి వడివు ఒళ్ళంతా వణికింది. ప్రాణం పోతోందనుకుని నేను అరిచాను. "మంచిదేనమ్మా, కండలకు బలం వస్తోంది" అంది డాక్టరమ్మ. తరువాత వడివు పెద్ద తేన్పు తేన్చింది. ముట్టె చెమర్చింది. పేడ వేసింది. ఆ పేడ చూసి ఏడ్చాను.

ఇది పాల జ్వరం. పేరుకే జ్వరం, ఒళ్ళు చల్లబడిపోతుంది. ఆవు ఒంట్లో తిరిగే రక్తంలో కాల్షియం మొత్తం మూడు గ్రాములే ఉంటుందట. జున్నుపాలు లీటరుకే రెండు గ్రాములకు పైగా లాగేస్తాయి. ఎముకలనుంచి తీసుకోవడం ఒళ్ళు వెంటనే మొదలుపెట్టకపోతే ఆవు కూలిపోతుంది. చూడి చివరి నెలలో ఏం పెట్టారని ఆమె అడిగింది. బలానికని రోజూ కాల్షియం పొడి కలిపి పెట్టానని చెప్పాను. అదే తప్పు. ముందే దండిగా దొరికితే ఎముకలనుంచి తీసుకునే పని ఒళ్ళు మానేస్తుంది. ఆ పొడి నేను డబ్బు పెట్టి కొన్నది.

తన చిన్నతనంలో ఇలా పడిన ఆవుకు పొదుగులోకి సైకిల్ పంపుతో గాలి కొట్టారని అత్త చెప్పింది. డాక్టరమ్మ కొట్టిపారెయ్యలేదు. 1897లో డెన్మార్కులో ష్మిత్ అనే పశువైద్యుడు పొదుగులోకి మందు ఎక్కించి ఆవుల్ని బతికించాడని, తరువాత ఉత్త గాలికీ అదే గుణం కనిపించిందని, కాల్షియం మందు వచ్చేదాకా అదే దిక్కని చెప్పింది. ఇప్పుడు ఆ పని చేస్తే మురికి గాలికి పొదుగు వాస్తుంది, వద్దంది.

ప్రాణం దక్కింది గాని వడివు లెయ్యలేదు. పది గంటలు సిమెంటు నేలమీద పడి ఉండేసరికి కుడి వెనక కాలు మొద్దుబారింది.

మంగళవారం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ వాన నిలిచింది. వీధిలో నీళ్ళు మాత్రం పోలేదు. మణలి వైపునుంచి వచ్చిన నీళ్ళమీద నల్లటి చమురు తేలుతోంది. ఆ వాసనకు దూడ కూడా ముఖం తిప్పుకుంది. పక్కింటి పెద్దమ్మ తన ఇంట్లో దాచుకున్న రెండు కేన్ల మంచినీళ్ళు ఇచ్చేసింది. ఆ రోజు కేను నీళ్ళు ఎక్కడా దొరకడం లేదు. ఆమె ఇంట్లో నలుగురున్నారు.

మూడు గంటలకొకసారి ఆవును ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పాలి. లేకపోతే కిందపడిన కాలు చచ్చుబడిపోతుంది. రాత్రి పన్నెండుకు, మూడుకు కూడా. దూడకు కావలసినన్నే పాలు పితికాను.

మంగళవారం మధ్యాహ్నం ఒకతను వచ్చి ఆవుకు ధర చెప్పాడు. ఎందుకు కొంటాడో నాకు తెలుసు. వెంటనే వద్దనలేదు. "సాయంత్రం చెప్తాను" అన్నాను. అత్త ఏమీ అనలేదు. దూడను తెచ్చి తల్లి ముందు పడుకోబెట్టింది. వడివు నాలుకతో దాన్ని నాకింది. సాయంత్రం అతను వస్తే పంపేశాను.

బుధవారం మా ఆయన నడిచి ఇల్లు చేరాడు. మధ్యాహ్నం జాలర్ల కుప్పంనుంచి ఆరుగురు వచ్చారు. అందులో ఇద్దరిళ్ళకు మా పాలు పోతాయి. పాత వలను నాలుగు మడతలు వేసి రొమ్ము కింద, పొట్ట కింద దూర్చి, వెదుళ్ళకు కట్టి భుజాలకెత్తుకున్నారు. ఆవు తనంతట ప్రయత్నించినప్పుడే ఎత్తమని డాక్టరమ్మ చెప్పింది. మూడుసార్లు లేపారు, మూడుసార్లూ కూలింది. వాళ్ళ ఇళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి. ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు.

గురువారం పొద్దున ఆరున్నరకు, నేను పొయ్యి దగ్గరుండగా, మావాడు అరిచాడు. వడివు మూడు కాళ్ళమీద నిలబడి ఉంది. నాలుగోది పదిరోజులు ఈడ్చింది. ఊపిరితిత్తులకు ఏమీ కాలేదు. నేను పోసిన బెల్లం నీళ్ళకు అది పోవలసిందే, పోలేదు.

పదకొండు ఇళ్ళలో తొమ్మిదిళ్ళవాళ్ళు నెల రోజులు పాల కోసం ఆగారు. డాక్టరమ్మ మందుల ఖర్చు తప్ప పైసా తీసుకోలేదు.

మీ ఇంట్లో మూడో ఈత దాటిన ఆవు ఉంటే చివరి నెల మేత గురించి డాక్టరును ముందే అడగండి. ఈనిన మొదటి రెండు రోజులూ పొదుగు పూర్తిగా పిండకండి. పడిపోయిన ఆవు నోట్లో ఏమీ పొయ్యకండి. పశువుల అంబులెన్సు నంబరు 1962, గోడమీద రాసిపెట్టుకోండి.

2025 ఫిబ్రవరిలో వడివు మళ్ళీ ఈనింది. మూడు రాత్రులు దాని చెవి పట్టుకుని కొట్టంలోనే కూర్చున్నాను. చెవులు వేడిగానే ఉన్నాయి.