మామయ్యకు దుర్బీను

స్పాటింగ్ స్కోపు కొనాలని ఫోన్లో వెతికితే ముందు కనిపించేవన్నీ వేటగాళ్ల మాటలే. అమెరికాలో ఒక కొండ మీద కూర్చుని, అవతలి కొండ మీద ఉన్న జింక కొమ్ముకు ఎన్ని కొనలున్నాయో లెక్కపెట్టాలంటే ఏది మంచిది, చీకటి పడేవేళ ఏది బాగా కనిపిస్తుంది, ఇదే గోల. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. కౌజు పిట్టకు ఉచ్చు వేసినా కేసే. మరి వేటకు పనికొచ్చే వస్తువు కోసం నెల్లికుదురులో వంట చేసుకునే నేను నెలరోజులు ఎందుకు వెతికానంటే, మా మామయ్య కోసం.

మామయ్యకు డెబ్బై ఎనిమిదేళ్లు. చిన్నతనంలో గూడూరు దాటి పాకాల అడవి దాకా వలలు, ఉచ్చులు పట్టుకుని తిరిగిన మనిషి. కౌజులు, కుందేళ్లు, పూరేడు పిట్టలు. చట్టం సంగతి తెలిశాక మానేశారట గానీ, ఆ చూపు మాత్రం పోలేదు. ఇప్పుడు మోకాళ్లు పోయాయి, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. అత్తమ్మ పోయిన దగ్గర్నుంచి టీవీ ముందు కూర్చుంటారు, టీవీ చూడరు. మా డాబా మీదికి మాత్రం రోజూ గోడ పట్టుకుని ఎలాగో ఎక్కుతారు. అక్కడి నుంచి చెరువు కనిపిస్తుంది. తెల్లగా ఏదో కదులుతుంది. ఆయనకు అది కొంగో, కట్ట మీద ఎండేసిన పంచెనో తెలియదు.

ముందు మా అబ్బాయి స్నేహితుడి బైనాక్యులర్ తెప్పించాను. ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది. మంచిదే, కానీ మామయ్య చేతులు వణుకుతాయి. వస్తువు ఎనిమిది రెట్లు పెద్దగా కనిపిస్తే వణుకు కూడా ఎనిమిది రెట్లు పెద్దగానే కనిపిస్తుంది. రెండు నిమిషాల్లో నా చేతికిచ్చేసి, "కండ్లు తిరుగుతున్నయ్ బిడ్డా" అన్నారు. స్పాటింగ్ స్కోపు అలా కాదు. దానికి మూడు కాళ్ల స్టాండు ఉంటుంది. పట్టుకునే పని లేదు, కన్ను ఆనిస్తే చాలు.

చిట్టీ పాడితే నలభై వేలు చేతికొచ్చాయి. మావారు ఇన్వర్టరు బ్యాటరీ మార్చేద్దామన్నారు. నేను స్కోపు మాట ఎత్తేసరికి, "ఈ వయసులో నాయనకు అంత ఖర్చు పెట్టి పిట్టలు చూపియ్యాలా?" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, నిజంగానే అడిగారు. మోకాళ్లకు ఇంజక్షన్ వేయిస్తే అంతకన్నా ఎక్కువే అవుతుంది, దానికి ఎవరూ అడ్డు చెప్పరు కదా అన్నాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. బ్యాటరీ ఇంకో ఏడాది లాగుతుందని మాత్రం ఒప్పుకున్నారు.

ఇక ఎంపిక. వీటి మీద 20-60×65 అని అంకెలు ఉంటాయి. మొదటి రెండూ ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెప్తాయి, తిప్పుతూ పెంచుకోవచ్చు. చివరిది ముందున్న అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆన్‌లైన్లో నాలుగైదు వేలకే 25-75 అని అమ్ముతారు. చూడగానే డెబ్బై అయిదు రెట్లు కదా అనిపిస్తుంది. కానీ గరిటెడు పిండితో పెనమంత దోసె పోసినట్టే ఇదీ. అద్దంలోకి వచ్చే వెలుతురు అంతే, దాన్ని ఎంత సాగదీస్తే అంత పలచబడుతుంది. అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటిలోకి వచ్చే వెలుగు చుక్క ఎంతో తెలుస్తుంది. 65ని 20తో భాగిస్తే మూడుంపావు మిల్లీమీటర్లు, బాగానే ఉంటుంది. 60తో భాగిస్తే మిల్లీమీటరు కన్నా కాస్తే ఎక్కువ. ముసలికన్ను దానితో మబ్బు రోజున ఏం చూస్తుంది? కాబట్టి పెద్ద అంకెను నేను పట్టించుకోలేదు. చిన్న అంకె దగ్గర ఎంత స్పష్టంగా ఉందో అదే చూశాను.

పైగా మన ఎండలు. ఎండాకాలం పొద్దున పది దాటితే చెరువు మీద గాలి ఎసరులా కదులుతుంటుంది. ముప్పై రెట్లు దాటాక పిట్ట కాదు, పిట్ట ఆకారంలో పొగ కనిపిస్తుంది. లక్షలు పోసి స్వరోవ్‌స్కీ, జైస్ కొన్నా ఆ గాలి ఆగదు. ఆ కంపెనీల ధరలు చూసి ఫోను పక్కన పెట్టి పప్పు తాలింపు వేసుకున్నాను, అది వేరే సంగతి. నా చేతిలో ఉన్న డబ్బుకు సెలెస్ట్రాన్, వోర్టెక్స్, బుష్నెల్, నికాన్ లాంటివాటిలోనే చూడాలి.

హైదరాబాదు పెళ్లికి పోయినప్పుడు ఒక కెమెరా షాపుకు వెళ్లాను. కౌంటర్లో అబ్బాయి నన్ను చూసి, "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. రాలేదన్నాను. 80 మిల్లీమీటర్లదే తీసుకోమని ఒకటే పట్టు. అది మంచిదే, వెలుతురు ఎక్కువ, కానీ బరువూ ఎక్కువే, దాన్ని మోసే స్టాండు ఇంకా బరువు. రోజూ డాబా మెట్లెక్కి మోసేది ఆ అబ్బాయి కాదు, నేను. 65వే చూపించమన్నాను. రెండు మూడు గుమ్మం బయటికి తెప్పించి, రోడ్డుకు అవతల దూరంగా ఉన్న సైన్‌బోర్డు అక్షరాల మీద పెట్టి చూశాను. తెల్ల బోర్డు మీద నల్ల అక్షరాల అంచుకు ఊదారంగు గీత కనిపిస్తే అద్దం అంత మంచిది కాదన్నట్టు. నల్లటి నీళ్ల మీద తెల్ల కొంగకు కూడా అదే అంచు వస్తుంది. ఒకదానిలో మధ్యలో అక్షరాలు బాగున్నాయి, అంచుల దగ్గర పాకం విరిగినట్టు చెదిరిపోయాయి. దాన్ని వెంటనే వెనక్కిచ్చేశాను.

కన్ను పెట్టే గొట్టం తిన్నగా ఉండేవి కొన్ని, నలభై అయిదు డిగ్రీలు పైకి వంగి ఉండేవి కొన్ని. జీపులోంచి చూసే వేటగాళ్లకు తిన్నగా ఉన్నదే ఇష్టమట. మాకు వంగిందే కావాలి. కుర్చీలో కూర్చున్న మామయ్య మెడ నిక్కించకుండా తల వంచి చూడొచ్చు. అదే ఎత్తులో మా పాప నిలబడీ చూడొచ్చు, స్టాండు మళ్లీ మళ్లీ ఎత్తనక్కర్లేదు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకైతే ఇంకోటి ముఖ్యం. కంటికీ గొట్టానికీ మధ్య కనీసం పదిహేను మిల్లీమీటర్ల దూరం ఉన్నా బొమ్మ మొత్తం కనిపించాలి. లేకపోతే తాళం కన్నంలోంచి చూసినట్టే ఉంటుంది. నేను నా జోడు తియ్యకుండానే అన్నీ చూశాను.

చివరికి 16-48×65 తీసుకున్నాను. లోపల నైట్రోజన్ నింపి మూసినది, వానాకాలం లోపల ఆవిరి పట్టదు. మిగిలిన డబ్బులో స్టాండుకు ఏడు వేలు పెట్టాను. దాని మీద బేరం చేయబుద్ధి కాలేదు. పుల్లల్లాంటి కాళ్ల స్టాండు మీద ఎంత మంచి స్కోపు పెట్టినా, గాలి వీస్తే మామయ్య చేతుల కన్నా ఎక్కువ వణుకుతుంది.

మొదటి రోజు నేను చెరువులో పిట్టను పట్టుకోలేకపోయాను. గొట్టంలో కనిపించేది అరచేయంత మేరే. ఎటు తిప్పినా నీళ్లే. మామయ్య నన్ను పక్కకు జరగమన్నారు. రెండు కళ్లూ తెరిచి గొట్టం పైనుంచి తుమ్మచెట్టును గురి చూసి, అక్కడి నుంచి మెల్లగా ఎడమకు జరిపి ఆగారు. "గదే. పెట్టు కన్ను." పెట్టాను. కొంగ. ఉచ్చు ఎక్కడ పెట్టాలో చూసుకున్న కళ్లు కదా. దుర్బీను అని ఆయనే అన్నారు, దుర్భిణి అని నేను సరిచేయలేదు. ఫారసీ మాటకు ఆయన పలికిందే దగ్గర.

ఆ కొంగ పొలాల్లో నత్తలు ఏరుకు తినేది. దుక్కి దున్నేటప్పుడు నాగలి వెనకే నడిచేది. మామయ్య చాలాసేపు చూసి, "డెబ్బై ఏండ్ల సంది జూస్తున్న. దీని ముక్కు మూసినా నడిమిట్ల సందున్నదని ఇయ్యాల తెల్సింది" అన్నారు. నిజంగానే రెండు దవడలూ కలవవు, నడుమ సన్నటి సందులోంచి వెనక నీళ్లు కనిపిస్తాయి. చిన్న పిల్లలకు ఆ సందు ఉండదు, పెద్దయ్యాకే వస్తుందని పాప ఫోన్లో చూసి చెప్పింది. అయితే పక్కనున్నది పిల్లేనా అని మళ్లీ కన్ను పెట్టారు. ఆ రోజు అన్నం ఆయనకు పైకే తీసుకెళ్లాను.

సలీం అలీ గారి కథ ఆయనకు ఆ వారమే చెప్పాను. పక్షుల శాస్త్రానికి మన దేశంలో పెద్ద పేరు ఆయన. చిన్నప్పుడు ఎయిర్ గన్‌తో పిచ్చుకను కొట్టి, దాని గొంతు మీద పసుపు మచ్చ చూసి, అది ఏ పిట్టో తెలుసుకోవడానికి బొంబాయిలో ప్రకృతి చరిత్ర సంఘం గడప తొక్కారు. 1931-32లో హైదరాబాద్ రాజ్యం పక్షుల సర్వే చేసిందీ ఆయనే. అప్పుడు మన వరంగల్లు వైపంతా నిజాం రాజ్యమే కదా. భార్య తెహ్మీనా కూడా అలాంటి సర్వేలకు వెంట వెళ్లి గుడారాల్లో సంసారం చేసిందట. మామయ్య అంతా విని, "పిచ్చుకను కొట్టిండా?" అని అదొక్కటే రెండుసార్లు అడిగారు.

వాడలో ఇంకో గొడవ. చెరువు గట్టున బట్టలుతికే ఆడవాళ్లున్నారు. ముసలాయన డాబా మీద గొట్టం పెట్టి ఎవర్ని చూస్తున్నాడని రెండిళ్ల అవతల అనుకున్నారట. ఆ మాటలో తప్పేం లేదు, నేనైనా అడుగుతాను. స్టాండును పిట్టగోడ మూలకు మార్చాను, అక్కడి నుంచి బట్టలుతికే రేవు వేపచెట్టు చాటు. తర్వాత నలుగురినీ పైకి పిలిచి చూపించాను. పక్కింటి అక్క ముందు తన సొంత పొలం వెతుక్కుంది. మోటారు దగ్గర వాళ్లాయన పని మానేసి బీడీ తాగుతున్నాడు. ఆమె నవ్వు చూడాలి.

ఇంట్లో పెట్టిన నియమాలు రెండే. సూర్యుడి వైపు తిప్పొద్దు, కన్ను పోతుంది. చీర కొంగుతో, తువ్వాలతో అద్దం తుడవొద్దు. మన దుమ్ములో ఇసుక ఉంటుంది, గీతలు పడతాయి. ముందు గాలి ఊది, తర్వాతే మెత్తటి గుడ్డ. వానాకాలంలో అద్దానికి బూజు పట్టకుండా, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగుచేసి సంచిలో వేశాను.

చలికాలం బాతులు దిగాక మామయ్య పాత డైరీ ఒకటి తీశారు. ఏటా జనవరిలో ఆసియాలో చాలా దేశాల్లో నీటిపక్షులను లెక్కపెడతారని, ఆ లెక్క పంపొచ్చని పాప చెప్పింది. ఆయన చేతిరాత వణుకుతుంది, అయినా తనే రాస్తారు. నిన్నటిది చదివాను: "పొద్దుగాల ఏడు. తోక సూదోలె ఉన్న బాతులు ముప్పై ఒకటి. నత్తల కొంగలు ఆరు, అండ్ల పిల్లలు రెండు. కౌజు అరుపు కట్టకింద, కనవడలే."