పేరు తప్పిపోయిన ఫైళ్ళు

లెక్క తప్పితే మనిషికి మనశ్శాంతి తప్పుతుంది. పెళ్ళయిన మర్నాడు చదివింపుల పుస్తకం ముందేసుకుని కూచున్న మేనమామను చూడండి. పుస్తకంలో వున్న చెంబు పెట్టెలో కనపడదు. పెట్టెలో వున్న పళ్ళెం పుస్తకంలో కనపడదు. రెండూ సరిపడేదాకా ఆయన కాఫీ అయినా ముట్టడు. కంప్యూటరు కొంపలో కూడా యిలాంటి మేనమామ వొకడున్నాడంటే మీరు నవ్వుతారేమో. వున్నాడు. విండోస్ వారింట్లో ఆయన పేరు చెక్‌డిస్క్. యూనిక్స్ వంశం వారింట్లో ఎఫ్ఎస్‌సీకే. టెడ్ కోవాల్‌స్కీ అనే ఆయన రాసిపెట్టాడు. డిస్కులోని ఫైళ్ళకూ, వాటిని రాసుకున్న పుస్తకానికీ పొత్తు కుదిరిందో లేదో చూడడం, కుదరకపోతే కుదర్చడం ఆ మేనమామ పని.

నేను లెక్కల మాస్టారుగా పనిచేసి, రిటైరయి షాబాదులో వుంటున్నవాణ్ణి. హైదరాబాదు నుంచి బీజాపూరు రోడ్డున మర్రిచెట్ల నీడన చేవెళ్ళదాకా వచ్చి, అక్కణ్ణుంచి పక్కకు తిరిగితే మా వూరు. పేరు చెప్పగానే ఎవరైనా సరే, "ఓహో, బండల షాబాదా?" అంటారు. బండలకు పేరిచ్చిన షాబాదు కర్ణాటకలో, కలబురగి జిల్లాలో వుంది. మాది రంగారెడ్డి జిల్లా. పేరొకటి, వూళ్ళు రెండు. డిస్కుకు వచ్చే జబ్బు దీనికి సరిగ్గా తిరగేసినది: పేర్లు రెండు, చోటొకటి. ఆ సంగతికే వస్తున్నాను.

మా వీధిలో ఫోటో స్టూడియో పెట్టుకున్న కుర్రవాడు నా దగ్గర చదువుకున్నవాడే. వొకనాడు పెళ్ళి ఫోటోలు కెమెరా నుంచి పాత బయటి డిస్కులోకి ఎక్కిస్తూండగా కరెంటు పోయింది. మర్నాటి నుంచీ ఆ డిస్కు తగిలించినప్పుడల్లా, "ఇందులో ఏదో తేడా వుంది, పరీక్షించి బాగుచేయమంటారా?" అని కంప్యూటరు అడగడం, "వద్దు, కానివ్వు" అని ఇతను మీట నొక్కడం. మూడు వారాలు యిలాగే నడిచింది.

"గిరాకి నిలవడి ఉంటది సారూ, గంటసేపు ఎవలాగుతరు?" అన్నాడు, నేను తర్వాత అడిగితే.

మూడు వారాలయ్యాక పక్క పల్లె నుంచి వొకావిడ వచ్చింది. తండ్రి పోయాడు. ఎల్లుండి పదకొండో దినం. పటం కట్టించడానికి పెద్దాయన ఫోటో ఇంట్లో వొక్కటీ లేదు. మనమరాలి పెళ్ళిలో ఈ కుర్రవాడు తీసినదొక్కటే గతి. తీరా చూస్తే ఆ పెళ్ళి తాలూకు ఫోల్డరు తెరుచుకోదు. అతను ముఖం వేలాడేసుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

అసలు డిస్కులో జరిగేదేమిటో చెబుతాను. డిస్కంటే వేలకు వేలు చిన్న చిన్న గదులున్న సత్రం. వొక్క ఫోటోకే వంద గదులు కావలసివస్తాయి. అవన్నీ పక్కపక్కనే దొరుకుతాయన్న నమ్మకం లేదు. అందుకని గుమాస్తా వొక పుస్తకం పెట్టుకుంటాడు: ఈ గది తర్వాత ఏ గది, దాని తర్వాత ఏది అని గొలుసులాగ. 1977లో మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ కల్పించిన ఫ్యాట్ పద్ధతి ఇదే. మావాడి పాత డిస్కులో వున్నదీ ఆ సంతతే. సరుకు గదిలోకి చేరి, పుస్తకంలో పద్దు పడేలోపల కరెంటు పోయిందా, ఇక చూడండి అవస్థ! గదిలో మనిషుంటాడు, పుస్తకంలో పేరుండదు. వొకే గది మాదంటే మాదని ఇద్దరు దెబ్బలాడుకుంటారు. మనిషున్న గదిని ఖాళీ అనుకుని గుమాస్తా కొత్తవాణ్ణి తోస్తాడు. మూడు వారాలుగా ఆ తప్పు పుస్తకం చూసుకునే కొత్త ఫోటోలు దింపుతూంటే ఏం మిగులుతుంది?

కొట్లో చిట్టా, ఆవర్జా రెండూ వుంటాయి. జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో పడుతుంది; తీరిగ్గా ఆవర్జాకు ఎక్కుతుంది. మధ్యలో దీపం ఆరినా చిట్టా చూసి సరిదిద్దుకోవచ్చు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్, 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 ఈ చిట్టా పద్ధతి పాటిస్తాయి. ఫ్యాట్‌కు ఆవర్జా వొక్కటే, చిట్టా లేదు.

కుర్రవాడు వెంటనే చెక్‌డిస్క్ నడిపేద్దామన్నాడు. వద్దన్నాను. మేనమామకు పుస్తకం సరిపడితే చాలు. చెంబు ఎవరిదన్నది ఆయనకు పట్టదు. పొత్తు కుదరని పద్దును కొట్టివేసైనా లెక్క తేలుస్తాడు. ఉన్నది వొక్క ప్రతే అయినప్పుడు దానిమీద కొట్టివేతలు కూడదు. డిస్కు మొత్తాన్ని, ఖాళీ గదులతో సహా, ఉన్నదున్నట్టు మరో పెద్ద డిస్కులోకి దింపాం. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. రాత్రంతా పట్టింది. పొద్దున్నే ఆ నకలు మీద చెక్‌డిస్క్‌ను ముందు వూరికే చూడమన్నాం, తర్వాతే దిద్దమన్నాం.

పేరులేని గొలుసులన్నిటినీ అది ఏరి, ఫౌండ్ అనే ఫోల్డరులో వరస నెంబర్లు వేసి పడేసింది. యూనిక్స్ వారు దీన్ని ముచ్చటగా 'పోయి దొరికినవి' అంటారు. రెండు వందల పైచిలుకు ఫైళ్ళు. పేర్ల చివర ఫోటో గుర్తు తగిలించి, ఇద్దరం వొక్కొక్కటే తెరుస్తూ కూచున్నాం. పెళ్ళికూతురి చేతులు, వంటపందిరి, ఎవరిదో వీపు. సాయంత్రానికి పెద్దాయన దొరికాడు. తలపాగా, తెల్లమీసం, చిరునవ్వు. భుజాల కింద నుంచి మాత్రం అంతా బూడిదరంగు పలక. గొలుసు సగంలో తెగింది. ఫోటో పైనుంచి కిందికి రాయబడుతుంది గనక పైసగం బతికింది. ఆయన ఒళ్ళో మునిమనమడు కూచున్నాడట. వాడు పూర్తిగా మాయం.

ఆవిడకు ఎలా చెప్పాలా అని మేమిద్దరం తటపటాయిస్తున్నాం. ఆవిడ తెరమీద చాలాసేపు చూసింది.

"మొఖమొచ్చింది కద సారూ, సాలు. ఒళ్లె పిలగాడు మా ఇంట్లనే ఉన్నడు. వాని ఫోటువ మల్ల తియ్యొచ్చు," అంది.

భుజాల దాకా కత్తిరించి పటం కట్టించాడు. డబ్బులు పుచ్చుకోలేదు.

తర్వాత నాకు మరో సంగతి తోచింది. 2017 సెప్టెంబరు 15న తెలంగాణలో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. ఊరూరా పుస్తకం వొకవైపు, భూమి వొకవైపు పెట్టుకుని సరిచూసే పని. ఆ పైన 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చాయి. ఎప్పుడు కదిపినా బయటపడే జబ్బులు ఆ రెండే: వొకే నెంబరుకు ఇద్దరి పేర్లు, దున్నేవాడుండీ పేరులేని నేల. పుస్తకం సరిపడడం వేరు, న్యాయం సరిపడడం వేరు. మొదటిది యంత్రం చేస్తుంది. రెండోదానికి, మేం రెండు వందల ఫైళ్ళు తెరిచినట్టు, మనిషి కూచుని ముఖాలు గుర్తుపట్టవలసిందే.

అంచేత కంప్యూటరు "పరీక్షించమంటారా" అని అడిగితే కసురుకోకండి. ముందు నకలు తీసుకుని, సరేననండి. అంతకన్నా మంచి మాట: అపురూపమైనదేదైనా సరే, రెండు చోట్ల వుంచుకోండి. మా వూరి పేరే చూడండి. రెండు చోట్ల వుంది గనకనే అంత నిశ్చింతగా వుంది!