తీగల సాక్ష్యం

చదువు ముగించి ఒక కర్మాగారంలో వెల్డింగు పరీక్షా విభాగంలో చేరిన తొలి మాసం అది. 25 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు అతుకుకు రాత్రివేళ ఇరిడియం-192తో రేడియోగ్రాఫు తీశాము. తెల్లవారి ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టి చూశాను. బీట లేదు, బుడగ లేదు. "నిర్దోషం" అని వ్రాయబోతుండగా మా ఉస్తాద్ ఫిల్మును పరికించి, "బేటా, దీనికి గవాహీ ఏదీ?" అన్నారు.

ఆయన అడిగినది తీగల సంగతి. అతుకు మీద, కిరణమూలం వైపున, ప్లాస్టిక్ తొడుగులో ఏడు సన్నని ఉక్కుతీగలను అడ్డంగా ఉంచుతారు. దీనికే ఇమేజ్ క్వాలిటీ ఇండికేటరు అని పేరు. పాతవారు పెనెట్రామీటరు అంటారు. ఆ వరుసలో 3.2 మిల్లీమీటర్ల నుండి 0.05 దాకా మొత్తం 19 తీగలు. మేము వాడినది 1.0 నుండి 0.25 వరకు గల పొత్తి. తీగలకు బదులు రంధ్రాలున్న పలుచని రేకును వాడే అమెరికా పద్ధతీ ఉన్నది.

మాకు విధించిన నియమం మందంలో 2 శాతం, అనగా 0.5 మిల్లీమీటరు తీగ కనబడవలెను. నా ఫిల్ములో రెండు లావుపాటి తీగలు స్పష్టం, మూడవది మసక, ఆపై శూన్యం. ఉన్నదని తెలిసిన తీగనే చూపలేని ఫిల్ము, ఉన్నదో లేదో తెలియని బీటను ఏమి చూపగలదు? నేను చూచిన నిర్మలత్వం ఉక్కుది కాదు, ఫిల్ము గుడ్డితనానిది.

తప్పు నాదే. త్వరగా ముగించి నిద్రపోవాలని, 60 సెంటీమీటర్ల దూరాన ఉంచవలసిన మూలాన్ని 20కి జరిపాను. దూరం మూడవ వంతైతే కాలం తొమ్మిదవ వంతే చాలును. కాని మూలం బిందువు కాదు, 3 మిల్లీమీటర్ల వ్యాసం గలది. దగ్గరైన కొద్దీ నీడ అంచులు చెదురుతాయి. 60 వద్ద 0.13 మిల్లీమీటరుండే చెదురు 20 వద్ద 0.4 దాటింది. తీగలను ఫిల్ము వైపున గాక మూలం వైపున ఉంచడం కూడా ఇందుకే: ఫిల్ముకు దూరమైన చోటనే నీడకు అసలు పరీక్ష.

రాంట్‌జెన్ సతీమణి హస్తచిత్రం ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉన్నది. లోహపు ముక్కలోని అసమత్వాన్ని కిరణాలు బయటపెట్టాయని ఆయన 1895 నాటి తొలి వ్యాసంలోనే వ్రాసిన సంగతి మాత్రం మాకెవరూ చెప్పలేదు.

మరునాటి రాత్రి సరియైన దూరాన మళ్ళీ తీశాము. ఈసారి 0.4 తీగ కూడా తెల్లగా కనిపించింది. దాని క్రిందుగా అతుకు అడుగున, అంగుళం పొడవున, సన్నని నల్లగీత. లోహం కరిగి కలవని చోటది.

ఉస్తాద్ నన్ను ఒక్క మాట అనలేదు. తీగలు కనిపించినా కిరణానికి అడ్డంగా పరుచుకొన్న బీట తప్పించుకోగలదనీ, దానికి అల్ట్రాసోనిక్ పరీక్ష వేరే ఉన్నదనీ మాత్రం చెప్పారు. అతుకును తొలిచి మళ్ళీ వెల్డింగు చేశారు. మూడవ ఫిల్ము తడి ఆరకముందే ముందుగా తీగలను లెక్కించాను. అయిదు.